పార్టీల ప్రకటనలు నిజం చెప్పనక్కర లేదా?



తొలకరికి ముందు మన రైతు సోదరులు విత్తనాల షాపుకు వెళతారు. ప్యాకెట్టు తిప్పి చూస్తారు. మొలక శాతం ఎంత, స్వచ్ఛత ఎంత, ఏ తేదీ వరకు పనికివస్తుంది అన్నవి దానిమీద అచ్చువేసి ఉంటాయి. నోటిఫై చేసిన రకాలకు 1966 నాటి విత్తనాల చట్టం ప్రకారం ఇలాంటి లేబులు తప్పనిసరి. చట్టాన్ని మీరితే శిక్ష ఉంటుంది. సబ్బు అమ్మేవాడికీ, తల నూనె అమ్మేవాడికీ ఇలాంటి కట్టుబాటే ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మళ్లీ అదే పని చేస్తే 50 లక్షల వరకు వేయవచ్చు.

ఇప్పుడు ఎన్నికల రోజులు గుర్తుచేసుకోండి. పొద్దున్నే పేపరు మడతలో ఒక కరపత్రం వస్తుంది. ఊరి మొదట్లో హోర్డింగు, టీవీలో ప్రకటన, ఆటోలో మైకు, చేతిలో ఫోను. “ఫలానా పార్టీ వస్తే మీ పింఛను తీసేస్తుంది, కాగితం తయారైపోయింది” అని అందులో ఉందనుకోండి. అలాంటి కాగితమే లేదనుకోండి. ముసలి తల్లి భయపడి ఓటు మార్చుకుంటుంది. ఆమెకు ఈ అబద్ధం చెప్పినవారిని ఏ చట్టం అడుగుతుంది?

మొలకెత్తని విత్తనం ఒక పంటను పాడుచేస్తుంది. అబద్ధం నమ్మి వేసిన ఓటు ఐదేళ్లను పాడుచేయగలదు. విత్తనానికి ఉన్న చట్టం ఓటుకు ఉండవద్దా? ఈ నెల మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

మాటల్లో మూడు రకాలు

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఎన్నికలలో వినబడే మాటలన్నీ ఒక రకం కాదు.

“మేము గెలిస్తే మీ చెరువు బాగుచేస్తాం” అనేది వాగ్దానం. అది నెరవేరుతుందో లేదో ఈ రోజు ఎవరూ తేల్చలేరు. “ఈ ప్రభుత్వం పేదలను మరచిపోయింది” అనేది అభిప్రాయం. ఒకరు ఔనంటారు, ఒకరు కాదంటారు. అలా అనుకునే స్వేచ్ఛ అందరికీ ఉండాలి. “ఫలానా పార్టీ ఇంతమంది కంటే తక్కువ పిల్లలున్న బడులన్నీ మూసేయాలని నిర్ణయించింది” అనేది మూడవ రకం. ఇది జరిగిన విషయంగా చెప్పిన మాట. నిర్ణయం ఉంటే ఉంది, లేకపోతే లేదు. కాగితాలు తెచ్చి చూస్తే తేలిపోతుంది.

సత్యం కోరే చట్టం గురించి ఎవరైనా మాట్లాడితే, కొందరు వెంటనే “రాజకీయాల్లో నిజం ఎవరు తేలుస్తారు?” అని నవ్వేస్తారు. మొదటి రెండు రకాలకు ఆ మాట సరిపోతుంది, మూడవదానికి సరిపోదు. బడి గురించి నేను చెప్పినది ఊహించిన ఉదాహరణ కూడా కాదు. అది నిజంగా కోర్టు దాకా వెళ్లిన సంగతి. అది జరిగిన చోటు ఆస్ట్రేలియా దేశంలోని సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం.

ఒక రాష్ట్రం చేసిన పని

అడిలైడ్ నగరం రాజధానిగా ఉన్న ఆ రాష్ట్రం 1985లో తన ఎన్నికల చట్టంలో 113వ సెక్షను చేర్చింది. దాని సారాంశం ఇది: ఎన్నికల ప్రకటనలో వాస్తవంగా చెప్పిన ఏ మాటైనా గణనీయంగా తప్పై, తప్పుదోవ పట్టించేదై ఉంటే, ఆ ప్రకటన వేయించినవారు నేరం చేసినట్టు. జరిమానా ఉంటుంది, అది వ్యక్తికంటే సంస్థకు ఎక్కువ. అభిప్రాయాల జోలికి ఈ సెక్షను వెళ్లదు. వేదిక మీద చేసే ప్రసంగాల జోలికీ వెళ్లదు. ప్రకటనలను మాత్రమే పట్టుకుంటుంది.

జరిమానాకంటే ముఖ్యమైనది మరొకటుంది. ప్రకటన తప్పని నమ్మితే, దానిని ఆపమనీ, “మేము చెప్పినది సరికాదు” అని సవరణ వేయమనీ ఎన్నికల కమిషనరు ఆ పార్టీని కోరవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటన వల్లనే ఫలితం మారిందని తేలితే, ఆ ఎన్నికను రద్దుచేసే అధికారం కూడా కోర్టుకు ఉంది.

1993 డిసెంబరులో అక్కడ శాసనసభ ఎన్నికలు జరిగాయి. 300 కంటే తక్కువ పిల్లలున్న బడులను ప్రతిపక్షమైన లిబరల్ పార్టీ మూసేస్తుందనే అర్థం వచ్చేలా అప్పటి పాలక లేబర్ పార్టీ ప్రకటన ఇచ్చింది. ఈ 113వ సెక్షను కింద కేసు నడిచింది. “రాజకీయ విషయాల మీద మాట్లాడే స్వేచ్ఛ మాకు రాజ్యాంగం ఇచ్చింది, ఈ చట్టమే చెల్లదు” అని వాదన వచ్చింది. అంతకుముందే 1992లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం అలాంటి స్వేచ్ఛ ఉందని గుర్తించింది గనుక, అది చిన్న వాదన కాదు. అయినా 1995లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు, చట్టం చెల్లుతుందనే తీర్పు చెప్పింది. మాట్లాడే స్వేచ్ఛ వేరు, వాస్తవం పేరుతో ఓటరును మోసగించడం వేరు.

ఆ తరువాత ఆ రాష్ట్రంలో పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు. ఆ సెక్షను మాత్రం నిలిచే ఉంది. పాలించిన పార్టీ దానిని ఆయుధంగా మార్చుకొని ప్రతిపక్షం నోరు నొక్కేసిన దాఖలా లేదు. 2020లో ఆ దేశ రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతం కూడా ఇలాంటి చట్టమే చేసి, 2021 జూలై నుండి అమలులోకి తెచ్చింది.

వెనక్కి తగ్గిన కేంద్రం

అదే దేశపు కేంద్ర చట్టం కథ వేరు. పార్లమెంటు ఎన్నికలకు సంబంధించిన చట్టంలో, ఓటు వేయడంలో ఓటరును తప్పుదోవ పట్టించరాదనే నిబంధన ముందునుండి ఉండేది. అయితే అది ఓటు గుర్తు పెట్టే పనికి మాత్రమే వర్తిస్తుందనీ, ఎవరికి వేయాలో మనసులో నిర్ణయించుకునే పనికి వర్తించదనీ 1981లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. బ్యాలెట్ కాగితం మీద గుర్తు ఎలా పెట్టాలో అబద్ధం చెబితే తప్పు. ఎవరికి పెట్టాలో నిర్ణయించే విషయాల మీద అబద్ధం చెబితే ఆ నిబంధన కిందికి రాదు!

ఈ లోటు తీర్చడానికి 1983లో పార్లమెంటు కొత్త నిబంధన పెట్టింది. మరుసటి సంవత్సరమే, 1984లో, దానిని తీసేసింది. సత్యం తేల్చడం కష్టమనీ, ఎన్నికల మధ్యలో వ్యాజ్యాలు పెరుగుతాయనీ అన్నారు.

దాని ఫలితం 2016 జూలై 2న కనబడింది. అది పోలింగు రోజు. ఎంతోమంది ఓటర్ల ఫోన్లకు ఒక సందేశం వచ్చింది. పంపినవారి పేరు ఉండవలసిన చోట “మెడికేర్” అని ఉంది. మెడికేర్ అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం. పాలక పార్టీ ఆ పథకాన్ని ప్రైవేటువారికి అప్పగించబోతోందని ఆ సందేశం హెచ్చరించింది. నిజానికి పంపినది ప్రభుత్వ పథకంవారు కాదు, క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు లేబర్ పార్టీవారు. పోలీసులు విచారించారు గాని, అప్పటి చట్టం కింద నేరమేదీ కనబడలేదని కేసు ముగించారు. తరువాత ప్రభుత్వ సంస్థలమని నటించడాన్ని నేరంగా చేస్తూ చట్టం తెచ్చారు. ఎన్నికల ప్రకటనలలో సత్యం కోరే బిల్లును 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టింది గాని, అది ఆమోదం పొందలేదు.

ఇందులో మనం గమనించవలసినది ఒకటుంది. 1993లో బడుల గురించిన ప్రకటన ఇచ్చినదీ, 2016లో ఫోను సందేశం పంపినదీ ఒకే పార్టీవారు. ఒకచోట చట్టం ఉంది గనుక జవాబు చెప్పుకోవలసి వచ్చింది. రెండవచోట చట్టం లేదు గనుక జవాబు చెప్పనక్కర లేకపోయింది. 2024లో సత్యం కోరుతూ బిల్లు తెచ్చినదీ ఆ పార్టీ ప్రభుత్వమే. పార్టీలు మంచివా చెడ్డవా అన్నది కాదు ఇక్కడి సంగతి. హద్దు ఉందా లేదా అన్నదే సంగతి.

బ్రిటన్, అమెరికా

బ్రిటన్‌లో చట్టం వేరొక దారి పట్టింది. అక్కడ అభ్యర్థి వ్యక్తిగత శీలం, నడవడి గురించి తెలిసి అబద్ధం చెప్పడం నేరం. 2010 ఎన్నికలలో ఓల్డ్‌హామ్ ఈస్ట్ అండ్ శాడిల్‌వర్త్ నియోజకవర్గంలో ఫిల్ వూలస్ అనే మాజీ మంత్రి 103 ఓట్ల తేడాతో గెలిచాడు. ప్రత్యర్థికి తీవ్రవాదుల మద్దతుతో సంబంధం అంటగడుతూ ఆయన కరపత్రాలు వేయించాడు. 2010 నవంబరులో ప్రత్యేక ఎన్నికల కోర్టు ఆ మాటలు అబద్ధమనీ, ఆయనకు అది తెలుసనీ తేల్చి ఎన్నికను రద్దుచేసింది. అలాంటి కారణంతో ఎన్నిక రద్దవడం అక్కడ 99 సంవత్సరాలలో అదే మొదటిసారి.

అమెరికాలో గాలి ఇంకో వైపు వీచింది. ఒహాయో రాష్ట్రంలో ఎన్నికల అబద్ధాలను శిక్షించే చట్టం ఉండేది. 2016లో అక్కడి అప్పీలు కోర్టు, అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టివేసింది. అప్పటి ఫిర్యాదులు ఎన్నికలకు ముందు ప్రత్యర్థిని ఇబ్బంది పెట్టే సాధనంగా మారే వీలుందన్నది ప్రధానమైన అభ్యంతరం. ఈ మాటను మనం తేలికగా తీసివేయరాదు. చట్టం పదునైన కత్తి వంటిది. పిడి సరిగా లేకపోతే పట్టుకున్నవాని చెయ్యే తెగుతుంది.

మన దేశంలో ఏముంది?

మన దగ్గర చట్టమే లేదనుకోవద్దు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123వ సెక్షను ఉంది. దాని నాలుగవ ఉపవిభాగం ప్రకారం, ఒక అభ్యర్థి వ్యక్తిగత శీలం, నడవడి గురించి అబద్ధమని తెలిసి గాని, నిజమని నమ్మకుండా గాని ప్రచురించడం అవినీతి చర్య. ఓడిన అభ్యర్థి గాని, ఓటరు గాని ఫలితం వచ్చిన 45 రోజుల లోపల హైకోర్టులో పిటిషను వేయవచ్చు. అభ్యర్థి శీలం మీద అబద్ధం చెప్పినందుకు జరిమానా వేసే సెక్షను పాత శిక్షాస్మృతిలో ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది 175వ సెక్షనుగా కొనసాగింది.

అయితే ఈ రెండింటిలోనూ ఒక మాట మీద వేలు పెట్టి చూడండి: “వ్యక్తిగత శీలం, నడవడి.” అభ్యర్థి రాజకీయ జీవితం గురించీ, పార్టీ విధానాల గురించీ చేసే విమర్శ వేరు, వ్యక్తిగత శీలం మీద దాడి వేరు అని 1962లోనే సుప్రీం కోర్టు ఒక తీర్పులో విడదీసి చెప్పింది. కాబట్టి అభ్యర్థి దొంగ అని అబద్ధం రాస్తే చట్టం ఉంది. “మీ పింఛను తీసేస్తారు, కాగితం తయారైంది” అని అబద్ధం రాస్తే ఈ సెక్షన్లు పలకవు.

అంటే మన చట్టం అభ్యర్థి పరువును కాపాడుతోంది. ఓటరుకు తెలియవలసిన నిజాన్ని కాపాడడం లేదు. లోటు అంతా ఇక్కడే ఉంది.

టీవీ ప్రకటనల మాటేమిటి? ఇందులో మన తెలుగువారికి సంబంధించిన చరిత్ర ఉంది. 1994 నాటి కేబుల్ టీవీ నియమాలు రాజకీయ ప్రకటనలను పూర్తిగా నిషేధించాయి. 2004 ఎన్నికలకు ముందు జెమిని టీవీకి సంబంధించిన వ్యాజ్యంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మార్చి నెలలో ఆ నిషేధాన్ని పక్కనపెట్టింది. విషయం సుప్రీం కోర్టుకు వెళ్లింది. 2004 ఏప్రిల్ 13న సుప్రీం కోర్టు మధ్యే మార్గం చూపింది: ప్రకటనలు వేసుకోవచ్చు గాని, ముందుగా ఎన్నికల కమిషను ఏర్పాటుచేసిన సంఘానికి చూపించి అనుమతి పత్రం తీసుకోవాలి. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు కనీసం 3 రోజుల ముందు, ఇతరులు 7 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ఈనాడు దేశమంతటా జిల్లా స్థాయిలో పనిచేస్తున్న సంఘాలకు మూలం మన రాష్ట్రంలో పుట్టిన ఈ కేసే.

ఇది మంచి ఏర్పాటు. అయితే ఆ సంఘం చూసేది మతాలను రెచ్చగొట్టే మాటలున్నాయా, అసభ్యత ఉందా, పరువు తీసే మాటలున్నాయా అని. ప్రకటనలో చెప్పిన లెక్క నిజమా కాదా అని రికార్డులు తిప్పి తేల్చి, తప్పయితే సవరణ వేయించే పనిని ఏ చట్టమూ దానికి అప్పగించలేదు. రుజువు కాని ఆరోపణలు మానాలని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతుంది గాని, ఆ నియమావళి పార్లమెంటు చేసిన చట్టం కాదు. కృత్రిమ మేధతో తయారైన బూటకపు వీడియోలు తమ దృష్టికి వచ్చిన 3 గంటల లోపల పార్టీలు తొలగించాలని 2024 మే 6న కమిషను ఆదేశించింది. అదీ మంచిదే. కాని బొమ్మ బూటకమైతే పట్టుకొని, మాట బూటకమైతే వదిలేయడం ఏమి న్యాయం?

ఎలాంటి చట్టం కావాలి?

ఇతర దేశాల అనుభవాన్ని చూస్తే మంచి చట్టానికి ఉండవలసిన లక్షణాలు కొన్ని తెలుస్తున్నాయి.

1. అది ఇరుకుగా ఉండాలి. వాగ్దానాలను, అభిప్రాయాలను, వెక్కిరింపులను, వ్యంగ్య చిత్రాలను ముట్టుకోరాదు. వాస్తవంగా చెప్పిన మాటలకే వర్తించాలి.

2. ప్రచార ప్రకటనలకు, కరపత్రాలకు, ఫోను సందేశాలకు వర్తించాలి. రచ్చబండ దగ్గర ఇద్దరు మాట్లాడుకునే మాటలకు వర్తించరాదు.

3. తీర్పు త్వరగా రావాలి. పోలింగు అయిన తరువాత కోర్టులో సంవత్సరాల తరబడి నడిచే కేసు ఓటరుకు పనికిరాదు. పోలింగుకు ముందే సవరణ రావాలి.

4. మొదటి శిక్ష జైలు కాదు, సవరణ. ఎంత పెద్ద అక్షరాలతో అబద్ధం వేశారో అంతే పెద్ద అక్షరాలతో నిజం వేయాలి.

5. తీర్పు చెప్పేవారు ప్రభుత్వం చేతిలో ఉండరాదు. వారి నిర్ణయం మీద కోర్టుకు వెళ్లే హక్కు ఉండాలి.

“ఇదంతా ఎన్నికల అధికారిని తగాదాలలోకి లాగుతుంది, ఆయన నిష్పక్షపాతాన్ని అనుమానిస్తారు” అనేవారున్నారు. ఆ భయం నిజమైనదే. అందుకే ఆ పనికి వేరే సంఘాన్ని, విశ్రాంత న్యాయమూర్తులతో, నియమించవచ్చు. “ప్రజలే తెలివిగలవారు, వారే తేల్చుకుంటారు” అనేవారూ ఉన్నారు. ప్రజలు తెలివిగలవారే. అయితే పోలింగుకు ముందు రాత్రి చేతికి వచ్చిన కరపత్రంలోని లెక్కను కూలిపనికి వెళ్లే అక్క ఏ ఆఫీసుకు వెళ్లి సరిచూసుకుంటుంది? అభ్యర్థుల వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కు అని 2002లోనూ 2003లోనూ సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పుల వల్లనే అభ్యర్థులు తమ ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో రాస్తున్నారు. నిజం తెలుసుకునే హక్కు ఉన్నప్పుడు, డబ్బు పెట్టి అబద్ధం తెలియజేసే హక్కు ఇంకొకరికి ఎలా ఉంటుంది?

చట్టం వచ్చేదాకా

సోదరీ సోదరులారా, అబద్ధ సాక్ష్యాన్ని గూర్చిన తొమ్మిదవ ఆజ్ఞ మనకు చిన్ననాటినుండి తెలుసు. నాబోతు ద్రాక్షతోట కథ కూడా తెలుసు. యెజెబెలు రాజు పేర పత్రికలు రాయించి, రాజముద్ర వేయించి, ఊరి పెద్దలకు పంపింది. ఇద్దరు అబద్ధ సాక్షులను కూర్చోబెట్టారు. ఊరంతా నమ్మింది, నిర్దోషి చచ్చాడు. ఆ పాపం యెజెబెలుది మాత్రమే కాదు. పత్రికలు అందుకొని మారుమాట అడగని పెద్దలది కూడా. కాబట్టి చట్టం కోసం ఎదురుచూస్తూనే మన ఇళ్లలో మనం చేయగలిగినవి కొన్నున్నాయి.

కరపత్రం చేతికి రాగానే అడుగున చూడండి. వేసిన ప్రెస్సు, వేయించినవారి పేరు, చిరునామా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షను చెబుతోంది. లేకపోతే 6 నెలల వరకు జైలు గాని, 2,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పేరు లేని కాగితాన్ని నమ్మవద్దు, ఇంకొకరికి ఇవ్వవద్దు.

ఎన్నికల నియమాల ఉల్లంఘన కనబడితే ఫొటో తీసి పంపడానికి ఎన్నికల కమిషను 2018 నుండి సి-విజిల్ అనే యాప్ నడుపుతోంది. ఫిర్యాదు మీద 100 నిమిషాల లోపల చర్య తీసుకోవాలన్నది దాని లక్ష్యం. ఫోను వాడడం తెలిసిన మన యౌవనస్థులు ఈ పనిలో పెద్దలకు సాయపడవచ్చు.

పింఛను, రేషను, బడి, భూమి కాగితాల గురించి భయపెట్టే మాట వింటే, ముందు మండలాఫీసులో అడగండి, తరువాత నమ్మండి. సరిచూడని సందేశాన్ని ఫోనులో ముందుకు పంపవద్దు. ఏ పార్టీ కరపత్రాన్నైనా ఆరాధన తరువాత గుడి వాకిట పంచనివ్వకండి. సంఘంలో అన్ని పార్టీలవారూ ఉంటారు, వారందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు.

చివరిగా ఒక మాట. ఈసారి ఓటు అడగడానికి అభ్యర్థులు మీ గుమ్మానికి వచ్చినప్పుడు, రోడ్డు గురించీ నీళ్ల గురించీ అడిగిన తరువాత ఈ ప్రశ్న కూడా అడగండి: “అయ్యా, మీ ప్రకటనలో చెప్పిన వాస్తవం తప్పని తేలితే, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయాలనే చట్టం వస్తే మీరు దానికి ఓటు వేస్తారా?” ఆ ప్రశ్న ఏ పార్టీకీ అనుకూలం కాదు, ఏ పార్టీకీ వ్యతిరేకం కాదు. పది ఊళ్లలో పదిమంది అడిగితే, అది పట్నం దాకా వినబడుతుంది.